గుమ్మఘట్ట దగ్గర రోమన్ల భోజనం

ఆ రోజుల్లో పాఠం చెప్పడమంటే పిల్లల చేత నోళ్లు తెరిపించడమే అనుకునేవాణ్ణి. వాళ్లు ఎంతసేపు నోరు తెరుచుకుని వింటే నేను అంత గొప్ప పంతులిని. ఇరవై మూడేళ్ల వయసు, చేతిలో విద్యా వాలంటీరు ఉద్యోగం (ఏటేటా కొత్త ఆర్డరు రావాలి, రాకపోతే ఇంటిదారి), గుమ్మఘట్ట దాటాక సగం తెలుగు, సగం కన్నడం వినబడే ఒక పల్లెలో బడి. ప్రధానోపాధ్యాయుణ్ణి పిల్లలు పెద్దసారు అనేవారు, నన్ను చిన్నసారు. మధ్యాహ్నం అన్నం వండే ఆమె చేతిలో ఎప్పుడూ గరిటె ఉండేది. అక్కడ గరిటెను గంటె అంటారు కాబట్టి ఆమె గంటెక్క అయింది. ఇది చదివి నవ్వొస్తే నవ్వండి, నవ్వదగిందే. రాస్తున్నది మాత్రం ఆమె కోసం.

ఏడో తరగతి పుస్తకంలో రోమన్ల గురించి ఉన్నది ఒక్క పేరా. నాకది చాల్లేదు. అనంతపురంలో పాత పుస్తకాల బండి మీద దొరికిన ఒక లావుపాటి పుస్తకం నా దగ్గరుండేది. దాన్ని ముందేసుకుని వారం రోజులు రోమ్ నగరాన్ని ఆ గదిలో కట్టాను. కొండల్లోంచి రాతి కాలువల్లో నీళ్లు ఊరికి నడిచొచ్చేవని చెబితే ఎవరూ నమ్మలేదు. "మోటరు లేకుండానా సార్?" అన్నాడొకడు. ఊరంతా కలిసి స్నానం చేసే పెద్ద పెద్ద స్నానశాలలుండేవని చెబితే, "అన్ని నీల్లా! ట్యాంకరు యాడ నింపుకుంటాండ్రి సార్ వాల్లు?" అని ఒక పిల్ల నిజంగా బాధపడుతూ అడిగింది. నాలుగేళ్లుగా చెరువులో అడుగుమన్ను తప్ప నీళ్లు చూడని పిల్లలు. వాళ్ల కళ్లలో అనుమానం పెరిగేకొద్దీ నాకు పట్టుదల పెరిగింది. ఆఖరి అస్త్రంగా, ధనవంతులైన రోమన్లు విందుల్లో పడుకుని తినేవారని చెప్పాను.

"పండుకొనా? జరమొచ్చినోల్లా సార్?"

"కాదురా, గొప్పవాళ్లు."

"మా అవ్వ గూడా పండుకొనే తింటాది సార్. అంటే మా అవ్వ రోమనా?"

తరగతంతా ఘొల్లుమంది. నేను ఊరుకోవచ్చు. ఊరుకుంటే ఈ కథే లేదు. బల్ల ఎక్కి, ఎడమ మోచేతి మీద ఒరిగి, కుడిచేత్తో తింటున్నట్టు చేసి చూపించాను. తిన్నాక వెంటనే లేచేవారు కాదనీ, అలాగే వాలి ఉండి పాటలు వినేవారనీ కూడా చెప్పాను. "రేపు మధ్యాహ్నం మీరూ అట్లనే తినండి. అప్పుడు పాఠం మర్చిపోరు" అన్నాను.

మర్నాడు పెద్దసారు మండలాఫీసులో మీటింగుకు వెళ్లారు. గంటెక్క వరండాలో పిల్లలను వరసగా కూర్చోబెట్టి అన్నం, సాంబారు వడ్డించి, గిన్నెలు తోముకోవడానికి బడి వెనక్కి పోయింది. ఆమె అటు పోగానే ముప్పైమంది రోమన్లు ఇటు ఒరిగారు. తిన్నారు. తిన్నాక, నేను చెప్పినట్టే, లేవలేదు. ఒకడికి మాత్రం సాంబారు గొంతుకు అడ్డంపడి దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. పక్కవాడు పాట కోసమని సన్నగా కూనిరాగం తీశాడు (దూరం నుంచి వింటే అది మూలుగే). సరిగ్గా అప్పుడే గొర్రెలు తోలుకుని పోతున్న ఒకాయన గోడమీదుగా లోపలికి చూశాడు. ఆయన చూసింది ఇది: ఖాళీ కంచాలు, వాటి పక్కన వరసగా పడి ఉన్న పిల్లలు, దగ్గు, మూలుగు.

"ఓరప్పో! అన్నం తిని పిల్లోల్లంతా పడిపోయినారప్పో!"

గొర్రెలనక్కడే వదిలి ఊళ్లోకి పరిగెత్తాడు. నేను గదిలోంచి బయటికి వచ్చేసరికి ట్రాక్టరు వచ్చేసింది. తల్లులు పిల్లలను ఎత్తి ట్రాలీలో వేస్తున్నారు. ట్రాక్టరెక్కే అదృష్టాన్ని ఏ పిల్లవాడు కాదంటాడు? అందరూ బుద్ధిగా పడుకునే ఉన్నారు. ఆస్పత్రిలో ఒకడికి మాత్రం నిజాయితీ పుట్టింది. "మాకేం కాలేదు సార్, మేము రోమన్లము" అన్నాడు. డాక్టరు వాడి కనురెప్ప ఎత్తి చూసి, "ఏందేందో మాట్లాడతాండాడు, వీనికి ముందు సెలైన్ పెట్టండి" అన్నాడు.

ఇంతవరకే నేను ఇన్నేళ్లూ స్నేహితులకు చెబుతూ వచ్చాను. అందరూ నవ్వేవారు. మిగతాది చెప్పలేదు.

ట్రాక్టరు కదిలేముందు బడి దగ్గర ఒక తల్లి గంటెక్క కొంగు పట్టుకుంది. "ఏం కలిపినావే, చెప్పు! నీ పిల్లోల్లయితే ఇట్లనే పెడతావా?" గంటెక్క ఏడవలేదు. గిన్నెలో అడుగున మిగిలిన సాంబారు గంటెతో తీసి, అందరి ముందూ తాగింది. "తాగుతాండా సూడండి. సచ్చిపోతే నన్నీడనే పూడ్సండి" అంది. ఎవరూ ఆ గంటె వైపు చూడలేదు. సాయంత్రం తిరిగొచ్చిన పెద్దసారు నన్నడిగారు, "ఏమయ్యా, ఏం జరిగింది? నువ్వు ఉండావు గదా?" ఆర్డరు కాగితం కళ్లముందు ఆడింది. "నేను లోపల ఉన్నాను సార్" అన్నాను. అబద్ధం కాదు. అందుకే అది ఇన్నేళ్లు నిలిచింది.

పిల్లలు ఇళ్లల్లో చెప్పారు. "చిన్నసారు చెప్తేనే పండుకొంటిమి" అన్నారు. పెద్దలు నమ్మలేదు, చదువుకున్న సారు అలా చెబుతాడా అని. మర్నాడు తరగతిలో ముప్పై జతల కళ్లు నా మీదే ఉన్నాయి. "ఆ పాఠం అయిపోయింది, తర్వాతి పేజీ తియ్యండి" అన్నాను. పిల్లలకేమీ కాకపోయినా ఊరికి ఆ వంట మీద నమ్మకం పోయింది, ఆ వారంలోనే వంట పని వేరే వాళ్లకిచ్చారు. గంటెక్క కూలి పనికి బెంగళూరు పోయింది. నాకు మరుసటేడు ఆర్డరు వచ్చింది, ఆ తర్వాత పర్మనెంటూ అయింది.

గంటెక్క బెంగళూరు నుంచి తిరిగొచ్చేసిందని విని, పోయిన నెల వెతుక్కుంటూ ఆ ఊరు వెళ్లాను. అరుగు మీద శెనక్కాయలు ఒలుచుకుంటోంది. చూపు మందగించినట్టుంది, గొంతును బట్టి గుర్తుపట్టింది. తల వంచుకుని అంతా చెప్పాను. ఆమె ఒలవడం ఆపలేదు.

"నాకు తెల్సప్పా. పిల్లోల్లు ఆ పొద్దే చెప్పినారు."

"మరి నువ్వెందుకు ఎవరికీ చెప్పలేదక్కా?"

"నేను చెప్తే ఎవురింటారు? నువ్వు చెప్తావేమోనని వారం సూసినా. వారమైనాక బస్సెక్కినా."

క్షమించమన్నాను. ఆమె చేటలోని పొట్టు ఊదేసి, "తెల్సినదానికి నాకెందుకు మల్లా చెప్తావు? తెలీనోల్లకు చెప్పు. నోటితో గాదు, రాసియ్యి. సదివిచ్చుకుంటా" అంది.

అందుకని రాసిస్తున్నాను. ఆ రోజు గంటెక్క వండిన అన్నంలో గానీ సాంబారులో గానీ ఏ దోషమూ లేదు. పిల్లలు నేను చెబితేనే పడుకున్నారు. ఆ సంగతి నాకెంత బాగా తెలుసంటే, ఆ గొర్రెలాయన కేక విన్నప్పుడు లోపల గదిలో నేను చేస్తున్న పని అదే సాంబారు రెండోసారి పోసుకుని తినడం. నువ్వేం తిన్నావని నన్ను ఎవరూ అడగలేదు. ఇప్పుడా కుర్ర సారును తలుచుకుంటే నవ్వొస్తుంది, ఆ నవ్వు ఎంతోసేపు నిలవదు. రెండువేల ఏళ్ల కిందటి మనుషులు ఎలా తిన్నారో బల్లెక్కి చూపించినవాడు, ఆ పూట తానేం తిన్నాడో నోరు తెరిచి చెప్పలేకపోయాడు.