చెంచా కాడ మీది పేరు

కరోనా తగ్గిన ఏడాది, ఎండాకాలంలో, మా కంపెనీ చెన్నై ఆఫీసును సగానికి కుదించి నాలాంటి పాతవాళ్ళను ఇళ్ళ నుంచే పనిచేయమంది. నేను మా సొంతూరు ఆత్మకూరు వచ్చేశాను. హోదా మారలేదు. సీనియర్ కొనుగోలు అధికారి; కింద ఇద్దరు, పైన ఒక మేనేజరు. మేం కొని అమ్మేది ఇంటర్నెట్ పేర్లు. ఆ సంగతి ఊళ్ళో వాళ్ళకు విప్పి చెప్పలేక "నెట్టు పని" అనేవాణ్ణి. దాంతో ఆధార్‌లో తప్పు దిద్దాలన్నా, ఫోన్లో ఫోటోలు పోయినా నా దగ్గరికే వచ్చేవారు. తెలిసినంతలో చేసిపెట్టేవాణ్ణి. మంచివాడినని పేరొచ్చింది.

ఆ పని గురించి కొంచెం చెప్పాలి. వెబ్‌సైటుకు ఉండే పేరును డొమైన్ అంటారు. దాన్ని ఎవరూ శాశ్వతంగా కొనుక్కోరు. ఏడాదికో కొన్నేళ్ళకో రుసుము కట్టి వాడుకుంటారు. రుసుము కట్టించుకునే సంస్థను రిజిస్ట్రార్ అంటారు. గడువులోగా కట్టకపోతే సైటు ఆగిపోతుంది గాని, పేరు వెంటనే చేజారదు. రిజిస్ట్రార్ కొన్నాళ్ళు చూసి, దాన్ని ఆన్‌లైన్ వేలానికి పెడతాడు. వేలం ముగిసి ఒకరు గెలిచిన తర్వాత కూడా, మేం కొనే చోట, ఇంకొన్ని రోజుల వెసులుబాటు ఉండేది. ఆ రోజుల్లో పాత యజమాని వచ్చి రుసుము, జరిమానా కడితే పేరు తిరిగి అతనిదే. వేలంలో గెలిచినవాడికి డబ్బు వాపసు చేస్తారు. ఎవరూ రాకపోతే పేరు గెలిచినవాడి ఖాతాలోకి మారుతుంది. ఆ తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు.

మా వేలంపాటలో అరుపులుండవు, మొహాలుండవు. మనం ఎంతదాకా పోదలచుకున్నామో ముందే రాసి పెడితే, ఎదుటివాడు పెంచినప్పుడల్లా యంత్రమే మన తరఫున ఒక మెట్టు పెంచుతుంది. చివరి నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మరికాస్త పొడిగిస్తారు. ఎదుటివాడు ఏ దేశంవాడో కూడా తెలియదు. పేరుకు విలువ కట్టడానికి రెండు సంగతులు చూసేవాళ్ళం: అది ఎన్నేళ్ళ పాతది, ఎలాంటి సైట్లు దానికి లింకులిచ్చాయి. పత్రికలు, పర్యాటక సైట్లు లింకులిచ్చిన పాత పేరైతే సెర్చిలో త్వరగా పైకి వస్తుంది. పేకాట, బెట్టింగ్ సైట్లు నడిపేవాళ్ళ దగ్గర అలాంటి పేర్లకు మంచి గిరాకీ. మా కంపెనీకి అలాంటి కొనుగోలుదారులు కొందరు ఎప్పుడూ ఉండేవారు.

ఇంకో రాయని నియమం ఉండేది. పేరు చూడాలి గాని సైటు తెరవకూడదు. రేపు ఎవరైనా "ఇది మాది" అని తగవు పెడితే, పాత యజమాని ఎవరో మాకు ముందే తెలుసని తేలకూడదు. తెలియకపోవడమే మాకు రక్షణ. చేరిన కొత్తలో ఈ నియమం వింతగా అనిపించింది. తర్వాత దాన్ని నా కింది ఇద్దరికీ నేనే నేర్పాను.

ఆ ఎండల్లోనే ఒక నెల నేను గెలిచిన పేర్లలో ఒకటి, వంటసామానుకు సంబంధించినదని చూడగానే తెలిసే ఇంగ్లీషు పేరు. దాన్ని ఇక్కడ రాయను. ఇప్పటికీ ఆ పేరు మీద పేకాట నడుస్తూనే ఉంది. పాతది, లింకులు బాగున్నాయి. నాతో పోటీ పడినవాడు ఒక దశలో ఆగిపోయాడు. గెలిచిన రోజే మా కొనుగోలుదారుల్లో ఒకరికి కబురు పెట్టాను. పంపమన్నాడు.

రెండు రోజుల తర్వాత సలోమి ఆత్మకూరు వచ్చింది. ఉదయగిరిలో కొయ్య చెంచాలు, గరిటెలు చెక్కే ఆడవాళ్ళ సంఘానికి ఆమె పెద్ద. మా ఆవిడ ఉదయగిరిలో టీచరు. ఆమే "మా ఆయనకు చెప్పు, చూస్తాడు" అని పంపింది. బస్సు దిగి ఎండలో నడిచి వచ్చిన మనిషి, మంచినీళ్ళు తాగకుండానే విషయానికి వచ్చింది.

"మా సైటు తెరుచుకోవడంలా అన్నా. కొడితే ఏందో తెల్లకాయితం మాదిరి వస్తా ఉండాది. బెంగుళూరు షాపాయన నిన్న ఫోన్ చేసినాడు, ఏందమ్మా దుకాణం ఎత్తేసినారా అని."

ఆ షాపు సంఘానికి అంతవరకూ రానంత పెద్ద ఆర్డరు ఇచ్చింది. పది మంది ఆడవాళ్ళు చలికాలం నుంచి అదే పని మీద ఉన్నారు. సరుకు మూటలు కట్టి ఉంది, నెలాఖరుకు పంపాలి. సైటును ఎవరు పెట్టారని అడిగాను. ఉదయగిరిలో నెట్ సెంటర్ నడిపిన ఒకాయన పెట్టాడట. సెంటర్ మూసేసి హైదరాబాద్ వెళ్ళిపోయాడు, ఫోన్ నంబరు మారిపోయింది. గడువు గుర్తు చేసే మెయిళ్ళన్నీ అతనికే పోయి ఉంటాయని నాకు అర్థమైంది. ఇలాంటివి మా పనిలో రోజూ చూసేవే.

సైటు పేరేమిటని అడిగాను. ఆమె చెప్పకుండా సంచిలోంచి ఒక చెంచా తీసి చేతికిచ్చింది. కొండ మీద దొరికే బిక్కి కర్రతో చేసింది, నున్నగా ఉంది. కాడ చివర, కాల్చిన ఇనప అచ్చుతో వేసిన సన్నటి అక్షరాలు. చదివాను. నేను గెలిచిన పేరే.

"అన్నింటికీ ఇదే ముద్ర అన్నా. ఒకరింట్లో చూసి ఇంకొకరు, కాడ మీద పేరు చూసుకోని మాకు ఆర్డర్లు పెడతారు. మాకుండే బోర్డు ఇదే."

వెసులుబాటు ఇంకా నాలుగైదు రోజులు ఉంది. ఆ రిజిస్ట్రార్ దగ్గర పాస్‌వర్డ్ లేకపోయినా, సంఘం కాగితం ఒకటి పంపితే ఫోన్లోనే రుసుము కట్టించుకునేవారు. నంబరు నాకు నోటికి వచ్చు. నేను ఆ మాట చెప్పి ఉంటే, ఆమె మా ఇంట్లో కూర్చునే పని ముగించుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్ళిపోయేది. నాకు పోయేది ఒక బేరం. కంపెనీకి వచ్చే నష్టం కూడా ఏమీ లేదు, డబ్బు వాపసు వస్తుంది.

"సర్వర్ గోలలా ఉందమ్మా. ఒక వారం ఆగు, నేను చూస్తాను" అన్నాను.

"వారమంటే ఆగుతాంలే అన్నా. నువ్వుండావు గదా" అని లేచింది. ఆ చెంచాను, ఇంకో రెండు గరిటెలను మా ఆవిడకని ఇచ్చి వెళ్ళింది.

నేను ఊరుకున్నానంతేనని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఊరుకుని ఉంటే ఆమె ఇంకొకరిని అడిగేది, ఎవరో ఒకరు రిజిస్ట్రార్‌కు ఫోన్ చేయమనేవారు. నేను వారం ఆగమన్నాను. ఎన్ని రోజులు ఆగితే పేరు పోతుందో లెక్క తెలిసి అన్నాను. మేనేజరుకు ఈ సంగతి చెప్పలేదు. చెబితే వదిలేయమంటాడేమోనని చెప్పలేదు. కాబట్టి కంపెనీ మీద నెట్టడానికి కూడా నాకు వీల్లేదు.

పేరు మా ఖాతాలోకి మారింది, ఆ వెంటనే కొన్నవాడికి వెళ్ళిపోయింది. నెల తిరగకముందే సలోమి ఫోన్ చేసింది. "అన్నా, మా పేరు కొడితే పేకాట వస్తా ఉండాది. చెంచా కొన్నామె ఒకామె మొబైల్లో అరకొర బట్టల ఆడపిల్ల బొమ్మ చూసి నన్ను నానా మాటలూ అనింది. షాపాయన ఆ పేరుండే సరుకు ఒక్కటి కూడా వద్దంటా ఉండాడు. నువ్వొకసారి రా."

వెళ్ళే ముందు, కొన్నవాడికి రెండుసార్లు రాశాను, తిరిగి ఇస్తావా అని. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి అతను చెప్పిన ధర, అమ్మనని చెప్పడంతో సమానం.

ఉదయగిరి కొండ కింద రేకుల షెడ్డులో సంఘం పని. నేను వెళ్ళేసరికి మూటలు విప్పి చెంచాలు నేల మీద పోసి ఉన్నాయి. వాళ్ళకు చెక్కుడు నేర్పిన ఖాదర్ బాషా అనే పెద్దాయన వాటి మధ్య కూర్చుని ఉన్నాడు.

"రండి సార్. నెట్టులో కూడా దొంగలు పడతారంట గదా. మా ఉదయగిరి కోట మీద కూడా ఇట్టా చప్పుడు కాకుండా ఎవురూ పడలేదు" అన్నాడు. ఆడవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను.

వేలం అనే మాట ఆయన అప్పటికే విన్నాడు. అదెట్లా జరుగుతుందో చెప్పమన్నాడు. చెప్పాను. "చెరువులో చేపల పాటైతే పాడేవోడి మొహం కనపడతాది. వీడి మొహం కూడా తెలీకుండా పాయనే" అన్నాడు.

సలోమి ఆ మాట మీద నవ్వలేదు. అంతకుముందే ఆమె, ఊళ్ళోని స్కూలు హెడ్‌మాస్టరు సాయంతో, రిజిస్ట్రార్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయించింది. ఫలానా రోజుదాకా మీకు టైముండింది, కట్టి ఉంటే మీ పేరు మీకే వచ్చేది అని వాళ్ళు చెప్పారు.

"ఆ రోజుకు ముందే గదన్నా నేను నీ దగ్గరికి వచ్చింది. నీకు ఈ గడువు సంగతి తెలీదా?"

తెలియదని చెప్పి ఉంటే నమ్మేది. మిగతావాళ్ళూ నమ్మేవారు, సైట్లు బాగుచేసే మనిషిగానే వాళ్ళకు నేను తెలుసు. తెలుసునన్నాను. వేలంలో ఆ పేరు పాడింది నేనేనని కూడా చెప్పాను. దాన్ని ధైర్యం అనను. హెల్ప్‌లైన్ దాకా పోయిన మనిషి ఎప్పటికైనా మిగతాదీ తెలుసుకుంటుందన్న భయం అందులో సగం.

ఖాదర్ బాషా నా మొహం వైపు చూసి, తల దించుకుని చేతిలోని గరిటెను పక్కన పెట్టాడు.

"వారం ఆగమన్నావు" అంది సలోమి.

అవునన్నాను. క్షమించమన్నాను.

"పోయింది రాదా?"

"రాదు."

"ఈసారి నిజమే గదా చెప్తా ఉండేది?"

"నిజమే."

ఖాదర్ బాషా కలగజేసుకున్నాడు. కాడలు కోసేయండి, ముద్ర చివరనే గదా ఉండాది, చెంచా పొట్టిదైతే మునిగిపోయేదేముంది అన్నాడు. ఒకామె కోసి చూపించింది. పొట్టిగా, పిల్లల చెంచాలా ఉంది. "ఆరడుగుల కోడలు వస్తాదనుకుంటే మూడడుగులది వచ్చినట్టుండాది" అని ఎవరో అన్నారు. ఈసారి నేను నవ్వలేదు. రంపాలు చేతికి తీసుకున్నారు.

నేను లేచాను. సలోమి ఆపింది. "యాడికి పోతావు? కొత్త పేరు పెట్టాల గదా. ఎట్టా పోతాదో తెలిసినోడివి నువ్వే. పోకుండా ఎట్టా పెట్టుకోవాలో కూడా నీకే తెలస్తాది. చెప్పు."

ఆమె ఫోన్లోనే చేయించాను. పేరు సంఘానిదిగా నమోదు చేయాలి, మెయిలు సంఘానిదై ఉండాలి, ఫోన్ నంబర్లు రెండు ఇవ్వాలి, రుసుము ఎక్కువ ఏళ్ళకు కట్టాలి, వేరేవాళ్ళకు మార్చకుండా తాళం వేయాలి. ఒక్కొక్కటి ఎందుకో అడిగి, అర్థమయ్యాకే నొక్కింది. ఒక చోట ఆమె తడుముకుంటుంటే చేయి చాచాను.

"ముట్టుకోబాక. నోటితో చెప్పు" అంది.

చివర పాస్‌వర్డ్ పెట్టమని అడిగింది ఫోను. ఆమె నా వైపు చూసింది.

"ఆ పక్కకు తిరుగన్నా."

తిరిగాను. అప్పటికీ అన్నా అనే పిలిచింది. ఆ పిలుపు అలవాటు మీద వచ్చిందని నాకు తెలుసు. అయిందనేదాకా గోడ వైపు చూస్తూ కూర్చున్నాను. నా వెనక పది మంది ఆడవాళ్ళు చెంచాల కాడలు కోస్తున్నారు.

బెంగుళూరు షాపు పొట్టి చెంచాల్లో కొన్నింటిని తక్కువ ధరకు తీసుకుంది. ఆర్డరు మళ్ళీ ఇవ్వలేదు. సంఘం నడుస్తోంది గాని, అప్పటి పది మందిలో ముగ్గురు చెక్కుడు మానేసి పొగాకు పనికి వెళ్ళారని మా ఆవిడ చెప్పింది. నేను చేసిందంతా ఆమెకు నేనే చెప్పాను. ఆమె ఆ తర్వాత ఎవరినీ నా దగ్గరికి పంపలేదు.

నేను ఉద్యోగం మానలేదు. రిటైరయ్యేదాకా అదే పని చేశాను. ఒకటి మాత్రం మార్చుకున్నాను. పాడే ముందు సైటు తెరిచి చూసేవాణ్ణి. వెనక బతికి ఉన్న వ్యాపారం కనిపిస్తే, మీ గడువు తీరిపోతోందని ఒక మెయిలు రాసి, జవాబు కోసం ఆగేవాణ్ణి. కొందరు కట్టుకున్నారు, కొందరు పట్టించుకోలేదు. నా కొనుగోళ్ళు తగ్గాయని మేనేజరు రెండుసార్లు అడిగాడు. కారణం చెప్పాను. నచ్చలేదు గాని కాదనలేదు. మొదటి నుంచీ చేయగలిగి ఉండే అంత తేలికైన పని అది.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్ళు తెలుసుకోవలసింది ఒకటుంది. గడువు దాటాక రిజిస్ట్రార్ ఇచ్చే ఆ కొద్ది రోజులు పోగొట్టుకునేవాడి కోసం పెట్టినవి. కొనేవాడికి వాటిలో వాటా లేదు. నేను వాటిని నావిగా లెక్కవేసుకున్నాను. నిబంధనల ప్రకారం నేను చేసినదాంట్లో తప్పు పట్టడానికి ఏమీ లేదు. అందుకే దాన్ని నేనే రాయాల్సి వచ్చింది.