బోరింగు, కాళ్లు, ఒకే ఫోటో

1997 జూన్‌లో మహబూబ్‌నగర్ నుంచి బదిలీ మీద వచ్చి, నల్లగొండలో ఒక జిల్లా కార్యాలయంలో సీనియర్ ఫోటోగ్రాఫర్‌గా చేరాను. చేరిన వారానికే కంప్యూటరూ స్కానరూ వచ్చాయి. మా సూపరింటెండెంట్ గారు ముహూర్తం పెట్టించి, మానిటర్‌కు కుంకుమ బొట్లు పెట్టారు. కొత్త బండి చక్రం కింద పెట్టినట్టు మౌస్ కింద నిమ్మకాయ పెట్టించారు. అది చితకలేదు. కొబ్బరినీళ్లు మాత్రం కీబోర్డులోకి పోయి, నెల రోజులు రెండు మీటలు పనిచేయలేదు. దిష్టి తగిలిందని ఆయన తేల్చారు.

అప్పుడు మర్రిగూడ వైపు ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగినవాళ్లను హైదరాబాద్ దవాఖానకు పంపడానికి జాబితా తయారవుతోంది. జాబితాకెక్కాలంటే నీళ్ల బోరింగు, ఆ నీళ్లు తాగిన రోగి ఒకే ఫోటోలో ఉండాలి. ఆ ఫోటో కంప్యూటర్‌లోంచే రావాలి. ఈ నిబంధన రాసిన మనిషి జన్మలో కెమెరా పట్టి ఉండడు.

అక్కడ బొంతలు కుట్టి బతికే హుస్సేన్‌బీకి కదిలితే నొప్పి. ఇంట్లో చీకట్లోనే కూర్చుంది. బోరింగు వాకిట్లో, మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంది. కంప్యూటర్ కొన్న ఆఫీసు ఫ్లాష్‌ను బాగుచేయించక ఆరు నెలలైంది. గది మూల నుంచి, ఆమె వంగిన కాళ్లూ గడప అవతల బోరింగూ పడేటట్టు తీశాను.

నెగెటివ్‌లో రెండూ ఉన్నాయి. స్కానరు కూడా చీకటికీ వెలుగుకూ మధ్య వేల మెట్లు లెక్కపెట్టి పెద్ద ఫైలు చేసింది. కానీ మా ఫోటో సాఫ్ట్‌వేర్ ఈ రకం ఫైలు తెరవలేనని తెర మీద చెప్పేసింది. దానికి తెలిసినవి రెండు వందల యాభై ఆరు మెట్లే. అందులోకి కుదిస్తే బోరింగు నిలిచి, గడప లోపలిదంతా నల్ల సిరా అయింది. లోపలి భాగాన్ని వెలిగిస్తే బోరింగు తెల్లగా కరిగిపోయింది. నిబంధనలో బోరింగు మాట ముందుంది కనుక బోరింగునే మిగిల్చి సంతకం చేశాను. ఆ తప్పు నాది.

సూపరింటెండెంట్ గారు ఫైలు మీద "కాళ్లలో వంకర కనిపించలేదు" అని రాసి పేరు కొట్టేశారు. నాలుగో రోజు హుస్సేన్‌బీని ఆమె తమ్ముడు జీపులో తెచ్చి, ఆయన బల్ల ముందు దించాడు. కంప్యూటర్‌లో రాలేదు, నేనేం చేసేదని ఆయన ఫోటో చూపించారు. ఆమె చీర అంచు పైకి జరిపి కాళ్లు చూపింది.

"గా డబ్బల రాకపోతేంది సారూ, నీ ముంగటనే ఉన్నయి గద. జర కిందికి సూడు."

ఫైల్లో ఉన్నదే చూడాలని ఆయన ఫైలే చూశారు.

"అయితే గా బోరింగునే దవాఖానకు తోలున్రి. ఫోటోల అదే మంచిగ వడ్డది."

గుమాస్తాలు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. బీరువాలు అడ్డం పెట్టి మూసేసిన డార్క్‌రూమ్ తెరిపించాను. నెగెటివ్‌ను కాగితం మీదికి దించేటప్పుడు, గడప లోపలి భాగం నల్లబడకుండా అట్టముక్క అడ్డం పెట్టి, బోరింగుకు మాత్రం ఇంకొంతసేపు వెలుగు ఇచ్చాను. నాలుగు కాగితాలు పాడై, అయిదోదాంట్లో బోరింగూ వంగిన కాళ్లూ రెండూ నిలిచాయి.

చేత్తో చేసిన ఫోటో చెల్లదన్నారు సూపరింటెండెంట్ గారు. వాదించలేదు. అదే ఫోటోను స్కానరు అద్దం మీద బోర్లించి, కంప్యూటర్‌లోంచి మళ్లీ బయటికి తీసి ఇచ్చాను. ఇప్పుడు వచ్చింది చూశావా అని ఆయన మానిటర్‌కు దండం పెట్టి సంతకం చేశారు. హుస్సేన్‌బీ పేరు జాబితాకెక్కింది.

తనకు ఏది చేతకాదో ఆ యంత్రం ముందే తెర మీద ఒప్పుకుంది. మా ఆఫీసులో అలా ఒప్పుకున్నది అదొక్కటే. ఆ తర్వాత మిగిలిన సర్వీసంతా, మనిషి కనిపించని ఫోటో మీద నేను సంతకం చేయలేదు.