గోరుచుట్టు గురించి రెండువందల యాభై మాటలు

మా కాపురం తెనాలిలో. ఉద్యోగం రేపల్లె దగ్గర నగరం మండలంలో ఒక ఊరి ఆరోగ్య కేంద్రంలో. పొద్దున్నే రైలెక్కి రేపల్లెలో దిగుతాను. అక్కణ్ణుంచి ఆటో. పదకొండేళ్ళుగా స్టాఫ్ నర్సుగా నా దినచర్య ఇదే.

మా దగ్గరకు వచ్చే ఆడవాళ్ళలో చాలామంది రొయ్యల షెడ్లలో పనిచేసేవాళ్ళు. ఐసులో పోసిన రొయ్యలకు తలలు తీసి, పెంకు ఒలిచి, కడిగి ట్రేలకెత్తుతారు. జ్వరమనో నడుంనొప్పనో వస్తారు. మాత్రలు తీసుకుని లేవబోతూ, "పన్లో పని, ఈ వేలు కూడా చూడు నర్సమ్మా" అని చెయ్యి చాపుతారు. గోరు పక్కన వాచి, ఎర్రబడి, ఒక్కోసారి చీము పట్టి ఉండేది. కొందరు వేలికి నిమ్మకాయ తొడుక్కునే వచ్చేవారు. నేను శుభ్రం చేసి కట్టు కట్టి పంపేదాన్ని. నెల తిరక్కుండా అదే మనిషి మరో వేలితో వచ్చేది.

ఇంతమందికి ఈ గోరుచుట్టు ఎందుకొస్తోందో తెలియక ఒక నోటుపుస్తకం పెట్టాను. వయసు, ఏ చెయ్యి, ఏ వేలు, ఎన్నాళ్ళనుంచి షెడ్డుకు వెళ్తోంది, ఇవన్నీ రాసుకునేదాన్ని. ఏడాది గడిచేసరికి పుస్తకం నిండింది.

ఒకరోజు మా డాక్టరమ్మ దాన్ని చూసింది. నాకంటే పదేళ్ళు చిన్నది.

"సిస్టర్, ఇది ఎవరు రాయమన్నారండి?"

"ఎవరూ అనలేదు మేడమ్. ఊరికే."

"ఊరికే ఏంటండి! ఇలాగే కదా పరిశోధన మొదలయ్యేది."

ఫోను తీసి నాకు చూపించింది. చర్మవ్యాధుల వైద్యుల సదస్సు ఒకటి జరగబోతోంది. మనం ఏం చూశామో, ఏం తేలిందో రెండువందల యాభై మాటల్లో రాసి ముందుగా పంపాలి. దాన్ని అబ్‌స్ట్రాక్ట్ అంటారు. నచ్చితే వచ్చి మాట్లాడమని పిలుస్తారు. నర్సులు కూడా పంపొచ్చని అందులో ఉంది. గడువు మూడు వారాలు.

ఆ ఆదివారం బాపట్ల వెళ్ళాను. నాకు నర్సింగ్ చదువు చెప్పిన మేడమ్ రిటైరై అక్కడే ఉంటున్నారు. నేను ఇంగ్లీషులో నాలుగు పేజీలు రాసి పట్టుకెళ్ళాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని, ఎర్ర పెన్ను చేతిలో ఉంచుకుని మొత్తం చదివారు. ఒక్క గీత కూడా గీయలేదు.

"బాగా చూశావమ్మాయ్. మరి వాళ్ళని అడిగావా?"

"ఏమని మేడమ్?"

"మీ వేళ్ళ సంగతి పదిమందికీ చెబుతాను, మీకిష్టమేనా అని."

వైద్యం చేసేది నేనే కదా, రాసుకున్నది నేనే కదా అనుకున్నాను తప్ప, ఆ వేళ్ళు వాళ్ళవన్న ఆలోచనే రాలేదు.

సోమవారం డాక్టరమ్మకు ఈ మాట చెప్పాను. తను చదివిన కాలేజీలో ఇలాంటి పరిశోధనలకు అనుమతిచ్చే కమిటీ ఉంది. వాళ్ళకు రాసింది. పది రోజులకు జవాబు వచ్చింది. అడక్కుండా రాసుకున్న వివరాలు వాడటానికి లేదు. కావాలంటే అనుమతి తీసుకుని మొదటినుంచి చేయవచ్చు.

ఏడాది పని ఒక్క ఉత్తరంతో పోయింది. ఆ సాయంత్రం రైల్లో కిటికీ పక్కన కూర్చుని, తెనాలి వచ్చేదాకా బయటకే చూస్తూ ఉన్నాను. ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం. మళ్ళీ మొదలుపెడితే సదస్సు గడువు ఎలాగూ దాటిపోతుంది. ఇక వదిలేద్దామనుకున్నాను.

డాక్టరమ్మ వదల్లేదు. కమిటీకి పంపాల్సిన కాగితాలన్నీ తనే తయారుచేసింది. అనుమతి రావడానికి మూడు నెలలు పట్టింది. అప్పుడు కొత్త పుస్తకం తీసుకుని, మధ్యాహ్నం అన్నాల వేళకు షెడ్డు బయట కూర్చునే ఆడవాళ్ళ దగ్గరకు వెళ్ళాను. విషయమంతా చెప్పాను. ఇష్టం లేకపోతే వద్దనొచ్చని, అయినా వైద్యం మానబోనని కూడా చెప్పాను. ఒకామె వద్దంది. "మా షెడ్డాయనకు తెలిస్తే రేపట్నుంచి పన్లోకి రావద్దంటాడమ్మా" అంది. షెడ్డు పేరు గానీ, ఊరి పేరు గానీ ఎక్కడా రాయనని అందరికీ మాటిచ్చాను. అయినా ఆమె వద్దంది. సరేనన్నాను.

ఆ గుంపులో అందరికంటే పెద్దావిడ మాత్రం నవ్వింది.

"అయితే ఏంటమ్మా, నా వేలు గురించి పెద్ద డాక్టర్లకి చెప్తావా?"

"చెప్తాను పెద్దమ్మా. పేరు చెప్పను."

"అది సరే. ఎందుకొస్తంది అంటావు మరి?"

"ఐసు నీళ్ళలో గంటలు గంటలు చేతులు నానడం వల్ల."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. "కాదమ్మా. నీళ్ళలో అందరం నానతన్నాం. కడిగేవాళ్ళకి రావట్లేదే! తలలు తీసేవాళ్ళకే వస్తంది. రొయ్య తల మీద ముల్లుంటదా, అది గోరు పక్కన గుచ్చుద్ది. ఆ పూట ఏం తెలీదు. నాలుగు రోజులకి సలుపుద్ది."

నేను అక్కడే నేలమీద కూర్చుని పుస్తకం తెరిచాను. ఏడాది రాసిన పాత పుస్తకంలో వయసుంది, వేలుంది, చెయ్యి ఉంది. షెడ్డులో ఏ పని చేస్తారన్న ప్రశ్న లేదు. కొత్త పుస్తకంలో మొదటి గడి దానికే గీశాను.

వానాకాలం, చలికాలం గడిచాయి. పెద్దావిడ చెప్పినట్టే కనిపించింది. నీళ్ళలో నానిన చర్మానికి ముల్లు తోడైనప్పుడే ఎక్కువగా బాధ పెడుతోంది. మరుసటి ఏడాది సదస్సుకు పంపడానికి కొత్తగా నాలుగు పేజీలు రాసుకుని మళ్ళీ బాపట్ల వెళ్ళాను. ఈసారి మేడమ్ ఎర్ర పెన్ను ఆగలేదు.

"'ఎంతో శ్రమించే పేద మహిళలు' అని ఎందుకు? ఎవరు, ఏం పని చేస్తారు, అది చెప్పు చాలు" అంటూ కొట్టేశారు. "'బహుశా కావచ్చునేమో' ఏంటి? తెలిస్తే తెలుసను, తెలియకపోతే తెలియదను."

సాయంత్రానికి నాలుగు పేజీలు ఒక పేజీ అయ్యాయి. లెక్కపెడితే రెండువందల అరవై ఒకటి. ఇంకా పదకొండు మాటలు తియ్యాలి. కాఫీ తాగి మళ్ళీ కూర్చున్నాం. ఆఖరి మాట తీసేశాక మేడమ్ మొత్తం పైకి చదివారు. నేను చూసింది తప్ప అందులో మరేమీ లేదు. నా రాతను చూసి నాకు సిగ్గు వేయకపోవడం అదే మొదటిసారి.

మరుసటి వారం ఆరోగ్య కేంద్రంలో కంప్యూటర్ ముందు కూర్చున్నాం. రచయితల గడి దగ్గర డాక్టరమ్మ నా పేరే మొదట టైపు చేసింది.

"మీ పేరు ముందుండాలి కదా మేడమ్?"

"చూసింది మీరండి."

పంపే మీట నన్నే నొక్కమంది. నొక్కాను. అందిందని జవాబు వచ్చింది.

ఆరు వారాల తర్వాత రేపల్లె స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉంటే ఫోన్లో మెయిల్ వచ్చింది. మీ అంశాన్ని ఎంపిక చేశాం, వచ్చి ఆరు నిమిషాలు మాట్లాడండి అని. రెండుసార్లు చదివాను. పక్కనున్న ఆవిడెవరో, "మంచి కబురా అమ్మా?" అని అడిగింది. అవునండి అన్నాను.

సదస్సులో ఆ ఆరు నిమిషాలూ ఆగకుండా మాట్లాడాను. అయ్యాక ఒక పెద్ద డాక్టరు లేచి, "తలలు తీసే పని వంతులవారీగా మారిస్తే తగ్గుతుందా?" అని అడిగారు. తెలియదండి అన్నాను. "చూసి చెప్పండి, మేమంతా తెలుసుకోవాలి" అన్నారాయన.

తిరిగొచ్చి ఆ ప్రశ్నను షెడ్డు బయట ఆడవాళ్ళ ముందు పెట్టాను. పెద్దావిడ, మరో నలుగురూ వెళ్ళి మేస్త్రీతో మాట్లాడారు. ఇప్పుడు ఆ షెడ్డులో వారం వారం వంతులు మారుతున్నాయి. కమిటీకి మళ్ళీ కాగితాలు పెట్టాం. అనుమతి వచ్చింది, మూడో పుస్తకం మొదలైంది. తగ్గుతోందో లేదో చెప్పడానికి ఇంకా కొన్ని నెలలు పడుతుంది. తగ్గుతుందనే నా ఆశ.