ఫెవ్రోనియా మళ్ళీ లెక్కపెట్టిన రక్తం

మోల్డోవాలోని ఆ క్షయ ఆసుపత్రిలో ముప్ఫై ఒక్క ఏళ్ళుగా రక్తకణాలు లెక్కపెడుతున్న ఫెవ్రోనియా ఆ శుక్రవారం ఉదయం యంత్రం ముందు నుంచి కదలలేదు. అందులో ఉన్నది తేనెటీగలు పెంచే జినోవీ రక్తం. ఆదివారం పెళ్ళిలో అతడు జంటకు పెద్దదిక్కయ్యే ధర్మపితగా కొవ్వొత్తి పట్టుకొని నిలబడతాడో లేదో ఇక అది చూపే అంకే తేల్చాలి.

రెండు నెలల కిందట అతణ్ణి ఊపిరందని స్థితిలో తెచ్చారు. ముదిరిన క్షయ. హెచ్ఐవీ పరీక్ష రెండుసార్లు చేసినా లేదనే వచ్చింది. అయినా దేహాన్ని కాచే, ఐదు వందలకు పైన ఉండాల్సిన సీడీ4 కణాలు నూట ఎనభైకి పడిపోయాయి. ఆ లెక్క రాయడానికి అక్కడున్నది హెచ్ఐవీ రోగులకు వాడే పసుపు కాగితం ఒక్కటే. ఫెవ్రోనియా అలవాటుకొద్దీ దాన్ని చేతపట్టుకొని, వెనకే అతడి చక్రాల కుర్చీ వస్తుండగా, ఆవరణ దాటింది. బల్లల మీద కూర్చున్నవారికి రంగు చాలింది. సాయంత్రానికి అతడికి హెచ్ఐవీ అని ఊరంతా తీర్పు చెప్పేసింది.

మొన్న పెళ్ళికూతురి తల్లి అగ్రిపీనా వచ్చి అతని మంచం పక్కన నిలబడింది.

"నిన్ను కాదనడం లేదు బావా. పెళ్ళిలో జంట తాగిన పాత్రలోనే ధర్మపిత కూడా తాగాలి కదా. వియ్యాలవారు జంకుతున్నారు."

"మరి నా తేనె పంపమన్నారే, దానికి జంకు లేదా?"

"తేనె సంగతి వేరు."

పక్కనే ఉన్న ఫెవ్రోనియా, "ఆ జబ్బు నిజంగా ఉన్నా పాత్రతో అంటదమ్మా" అంది. అగ్రిపీనా వినిపించుకోలేదు.

అంకె ఎంత ఉందో చెబుతుంది, ఎందుకో చెప్పదు. ఆ ఖాళీని జనం భయంతో పూడ్చారు. ఆ భయానికి దారి చూపింది తన అలవాటేనని ఫెవ్రోనియాకు తెలుసు. తీవ్రమైన జబ్బే ఒక్కోసారి ఈ కణాలను కుంగదీస్తుందనీ, అది తగ్గాక మళ్ళీ లెక్కపెడితే గాని నిజం తేలదనీ డాక్టరు చెప్పాడు. పెరగకపోతే వేరే కారణం వెతకాలి.

యంత్రం ఆగింది. ఐదు వందల నలభై. నమ్మలేక రెండో గొట్టం పెట్టింది. ఐదు వందల ముప్ఫై రెండు. ఇన్నేళ్ళలో ఒక అంకెను చూసి కుర్చీలోంచి లేవడం ఇదే మొదటిసారి.

ఆమె ఆ లెక్క రాసి తెచ్చిన పసుపు కాగితాన్ని జినోవీ రెండుసార్లు చదివాడు.

"అక్కా, దీన్ని మడవకు. అప్పుడు నడిచినట్టే ఇప్పుడూ నడు. నేనూ వస్తాను."

"అందరూ చూస్తారు."

"చూడాలనే."

ఇద్దరూ ఆవరణ దాటారు. లెక్క సంగతి తెలుసుకోవాలని వచ్చి బల్ల మీద కూర్చున్న అగ్రిపీనా చేతికి అతడే కాగితం ఇచ్చాడు. ఆమె అంకె మీద వేలు పెట్టింది.

"ఇది మంచి అంకేనా అక్కా?"

"మందులు ఇంకా మింగాలి. కాని ఇప్పుడతని దగ్గులో క్షయ క్రిమి లేదు. కొవ్వొత్తి పట్టడానికి అడ్డేమీ లేదు. పాత్రకైతే ఏనాడూ అడ్డు లేదు."

అగ్రిపీనా కాగితాన్ని అతనికి తిరిగి ఇచ్చింది. అతని పెరిగిన గడ్డం వైపు చూసింది.

"ఆదివారం గడ్డం గీసుకొని రా బావా. దానికి కొవ్వొత్తి మంట అంటుకుంటే పెళ్ళి నవ్వులపాలవుతుంది."