నడక చూడని జీవం

చాపాడు ఊరి ఈశ్వరయ్య తాను నడక చూడని జీవం మాంసం తినడు. యాభై ఏళ్లుగా గొర్రెలు కాస్తున్న మనిషి. పొట్టేలు వెన్ను మీద బొటనవేలు ఒత్తి, ఎన్ని కిలోల మాంసం పడుతుందో చెప్పేస్తాడు. అందుకే ఆదివారాలు ప్రొద్దుటూరులో కొడుకింటికి వచ్చినప్పుడు పెరుగన్నం తిని లేస్తాడు. పెళ్లయి రెండేళ్లయినా మామ తన చేతి మాంసం ముట్టలేదని కోడలు కుసుమకు లోలోపల బాధ. ఒక ఆదివారం ఆమె కరెంటు ప్రెషర్ కుక్కర్‌లో మీగడ పోసి సాసేజ్ పాస్తా చేసింది. ఈల వేయని ఆ కుక్కర్‌ను ఈశ్వరయ్య కాసేపు అనుమానంగా చూశాడు. తర్వాత పేగులో ఖైమా కూరినట్టున్న సాసేజ్ ముక్కను వేళ్లతో నొక్కి, వాసన చూశాడు.

“ఇది ఏ జీవమమ్మా?”

“కోడి మామా.”

“కోడికి ఇంత లావు పేగు యాడిది?”

కుసుమ సాసేజ్ ప్యాకెట్టు తిప్పి చూసింది. “మీగడ వాసన శానా బాగుందిలే” అని, ఆయన మెల్లగా పెరుగన్నమే అడిగాడు.

మరుసటి ఆదివారం పొద్దున్నే స్టీలు క్యారియర్‌తో బస్సు దిగాడు. అందులో పసుపు, ఉప్పు వేసి ఏడు నీళ్లలో కడిగిన గొర్రె పేగు, దాని నిండా ఖైమా, రెండు కొసలా దారపు ముడి. “ఈ పొద్దు ఇది ఎయ్యి” అని, కుక్కర్ పక్కనే పీట వేసుకుని కూర్చున్నాడు. కుసుమ దాంతో మళ్లీ పాస్తా చేసి వడ్డిస్తే అంతా తిన్నాడు.

“ఇప్పుడు నమ్మకమేనా మామా?” అంది కుసుమ.

“దీని తల్లిని గూడా నేనే మేపినా” అంటూ ఈశ్వరయ్య మళ్లీ పళ్లెం చాపాడు.