సిస్టర్ గారి ఇంటిపేరు

నిన్న సంతలో రాగి బాన చూడగానే, డెబ్భైల్లో మన మిషన్ ఆసుపత్రిలో మందులిచ్చిన ఇటలీ సిస్టర్ గారు గుర్తొచ్చారు. మీకూ గుర్తున్నారా? ఆవిడ ఇంటిపేరు కాల్దెరుచ్చి. వాళ్ల పూర్వీకులు రాగి బానలు చేసేవారట, అందుకే ఆ పేరు. వాళ్ల దేశం మొత్తమ్మీద ఆ పేరున్న ఇల్లు ఒక్కటేనట.

ఒకరోజు ఉత్తరం చదివి ఆవిడ అలాగే కూర్చుండిపోయారు. అక్కడ ఆయాగా పనిచేసే మా అమ్మ, "ఏమైందండీ?" అని అడిగింది.

"తమ్ముడు పోయేడమ్మా. పెళ్లి కాలేదు. ఇక మా ఇంటిపేరు నాతోనే సరి."

"ఆ పేరు మేం చెప్పుకుంటామండీ," అంది అమ్మ.

ఎనభైల్లో సిస్టర్ గారూ పోయారు. కాన్వెంటు పద్ధతి ప్రకారం సమాధి మీద ఇంటిపేరు రాయలేదు. అందరూ వెళ్లాక అమ్మ అక్కడ నిలబడి ఆ పేరు పైకి అంది. తప్పు పలికింది. సరిదిద్దేవాళ్లు ఎవరూ లేరు.