సువార్తమ్మ ఆంటీ ఫ్లాస్కు

ఎంత తోమినా ఈ ఫ్లాస్కుకు అల్లం వాసన పోదు. ఇవాళ కూడా చాయ్ పోద్దామని మూత తిప్పానో లేదో ఆ ఘాటు ముక్కుకు తగిలింది, సువార్తమ్మ ఆంటీ మెట్లెక్కి వస్తున్నట్టే అనిపించింది. ఆవిడ బోయిగూడలో జాకెట్లు కుట్టేది. మా సంఘంలో ఆవిడకు ఏ పదవీ లేదు. అయినా ఆదివారం ఎవరైనా ఆరాధనకు రాకపోతే, సాయంత్రానికి నలుగురిని వెంటేసుకుని, పాటల పుస్తకాలతో సహా వాళ్లింటికి వెళ్లేది. మనం చర్చికి వెళ్లకపోతే చర్చి మనింటికి వస్తుందన్నమాట. బద్ధకస్తులకు ఇంతకన్నా పెద్ద బెదిరింపు లేదు.

ఆవిడ అలా నా ఇంటికి వచ్చే నాటికి నా ఉద్యోగం పోయి నెల అయింది. ఎవరికీ చెప్పలేదు. పద్మారావు నగర్‌లో మేడమీది గదిలో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. పొద్దున్నే ఇస్త్రీ చొక్కాతో, ల్యాప్‌టాప్ బ్యాగుతో బయల్దేరి పార్కులో కూర్చుని, సాయంత్రం ఆఫీసు అలసటంతా మొహానికి పులుముకుని తిరిగొచ్చేవాణ్ణి. చర్చికి వెళితే ఉద్యోగం ఎలా ఉందని అడుగుతారు కాబట్టి, ఆరాధన ఫోన్‌లో చూసేవాణ్ణి. అందులో సౌకర్యం ఉంది. ఒకటిన్నర రెట్ల వేగంతో నడిపిస్తే పాస్టరుగారు రైలు తప్పిపోతుందన్నట్టు ప్రసంగం ముగించేవారు.

ఒక ఆదివారం సాయంత్రం తలుపు చప్పుడైంది. ఆంటీ, వెనక నలుగురు.

"ఏందిరా ప్రవీణూ, కనిపిస్తలేవు?"

"ఫోన్ల చూస్తున్న ఆంటీ. పాటలు, వాక్యం, అన్ని వస్తున్నయ్."

"చాయ్ వచ్చిందా?" అంటూ ఫ్లాస్కు మూత తిప్పింది. ఆరాధన అయ్యాక చర్చి వెనక అందరం నిలబడి తాగే చాయ్ కూడా ఆవిడ లెక్కలో ఆరాధనే.

గదిలో కుర్చీ ఒకటే. అది ఆంటీకి పోయింది. మిగతావాళ్లు మంచమ్మీద సర్దుకుంటే, స్టేషన్లో రైళ్ల ప్రకటనలు చదివి రిటైరైన దేవదానం అంకుల్ బకెట్ బోర్లించుకుని కూర్చున్నారు. పాట అయింది. ప్రార్థన మనవులు చెప్పమన్నారు. నా వంతు రాగానే "అందరూ బాగుండాలి" అన్నాను.

"అందరి సంగతి అందరు చెప్పుకున్నరు. నీది చెప్పు బిడ్డా."

ఏదో జోకు వేద్దామనే నోరు తెరిచాను. "నౌకరీ పోయింది ఆంటీ" అని వచ్చింది.

ఎవరూ అయ్యో అనలేదు. ఆంటీ నా తలమీద చెయ్యి పెట్టింది. దేవదానం అంకుల్ ప్రార్థన అందుకున్నారు. మైకు లేకపోయినా మైకు గొంతే. నా నిరుద్యోగం దేవుడికన్నా ముందు కింద ఉండే ఇంటి ఓనరుకు చేరింది. ఆమేన్ అనేసరికి, విజయనగరం నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డ ఆ అప్పారావుగారు గుమ్మంలో ఉన్నారు.

"రోజూ పార్కులో నిన్ను చూస్తన్నాను బాబూ. నువ్వే చెప్తావులే అని ఊరుకున్నాను."

నెలరోజుల నా నటనకు ఉన్నది ఒకే ఒక్క ప్రేక్షకుడు. ఆయనకు కథ ముందే తెలుసు.

"జెర జరుగుండ్రి, సార్‌కు సుత చాయ్ పోస్త" అంది ఆంటీ.

ఒంటరిగా ప్రార్థించినన్నాళ్లూ నేను దేవుడికి కూడా అంతా బానే ఉందనే చెప్పాను. ఎదురుగా ఒక మనిషి బకెట్ మీద కూర్చుని వింటుంటే అలా చెప్పడం కుదరదు. విశ్వాసం నాదే కావచ్చు. కానీ అది నా చేతుల్లోంచి జారుతున్న రోజున పట్టుకున్నది ఆంటీ, ఆ నలుగురే. ఉద్యోగం మాత్రం ఆ వారం రాలేదు. అద్భుతమని సాక్ష్యం చెప్పుకోవడానికి పనికిరానంత ఆలస్యంగా వచ్చింది. ఈలోగా నేను ఒక్క ఆదివారమూ మానలేదు.

నిరుడు ఆంటీ ప్రభువు దగ్గరికి వెళ్లిపోయింది. పరలోకంలో ఆరాధన ఎగ్గొట్టేవాళ్లెవరైనా ఉంటే వాళ్ల పని అయిపోయినట్టే. భూస్థాపన అయ్యాక ఆవిడ కూతురు ఈ ఫ్లాస్కు నా చేతికిచ్చి, "అమ్మ నీకే ఇయ్యమంది" అంది.

సంఘంలో కొత్తగా చేరిన కిరణ్ కొన్ని వారాలుగా కనిపించడం లేదు. అందుకే ఇవాళ నలుగురం బొల్లారంలో అతని గదికి వెళ్లాం. తలుపు సగమే తీశాడు.

"ఫోన్ల చూస్తున్న అన్నా."

"చాయ్ వచ్చిందా?" అన్నాను, ఫ్లాస్కు పైకెత్తి చూపిస్తూ.

నవ్వు ఆపుకోలేక పక్కకు జరిగి దారిచ్చాడు. గదిలో కుర్చీ ఒకటే. నా వెనక దేవదానం అంకుల్ అప్పుడే బకెట్ కోసం వెతుకుతున్నారు.